కొంగ తోక నలుపన్న హిసా

మీకు నోళ్లున్నాయి గాని బుద్ధి లేదర్రా. ఇంతమంది ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో తిని తిరిగారు. పెద్దాయన హోగెత్సు గురించి అడుగుతారు. ఆయన వేసిన పిట్టలు ఏ ఊరి మ్యూజియంలో ఉన్నాయని అడుగుతారు. ఆయన దగ్గర నేర్చుకుని టోక్యో వెళ్లి పేరు తెచ్చుకున్న మినె గురించైతే పుస్తకాలు కొని మరీ తెచ్చి చూపిస్తారు. హిసా గురించి ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఆవిడ మీ తాతయ్యకి మేనత్త. మీ నాన్నల ముక్కులు చీదింది, జ్వరాలొస్తే గంజి కాచి పోసింది. ఇలాంటి మనిషి ఒకావిడ ఈ గడపలో బతికిందన్న ధ్యాసే లేదు మీకు. సరే, అడక్కపోయినా చెబుతాను. ఆ బియ్యపు అప్పడాల కరకరలు ఆపి కుదురుగా కూర్చోండి.

మకితా వాళ్లది క్యోతోలో మూడు తరాలుగా పువ్వులూ పిట్టలూ వేసే ఇల్లు. హిసా ముత్తాత వేశాడు, తాత వేశాడు, తండ్రి హోగెత్సు వేశాడు. కొడుకు యసుకిచి మాత్రం కుంచె చేతికిస్తే కూర్చున్న చోటే కునుకు తీసేవాడు. వాణ్ని పట్టు కొట్లో గుమాస్తాగా పెట్టేశారు. హిసాని మాత్రం ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఐదో ఏటి నుంచి తండ్రి బొమ్మలు వేసే గదిలోనే ఓ మూల పెరిగింది. పట్టుని చెక్క చట్రానికి బిగించడం, పటిక కలిపిన జిగురునీళ్లు దానికి పూయడం, జిగురు కడ్డీలు రాత్రి నానేసి పొద్దున్నే సన్నటి సెగ మీద కరిగించడం, అన్నీ ఆవిడ పనే. అన్నిటికంటే కష్టం తెల్లరంగు. ఆల్చిప్పల పొడిని పిండిలా నూరి, వెచ్చటి జిగురు చుక్క చుక్కగా పోసి ముద్ద చేసి, ఆ ముద్దని పింగాణీ పళ్లెంలో వందసార్లు విసిరి కొట్టాలి. ఒక్కటి తగ్గినా ఆ తెలుపు ఎండాక పొట్టులా రాలిపోతుందని హోగెత్సు అనేవాడు. హిసా చేసిన తెలుపు ఏనాడూ రాలలేదు.

ఇరవయ్యో ఏట అద్దకం వాళ్లింటికి పెళ్లి చేసి పంపారు. రెండేళ్లకి మూట పట్టుకుని తిరిగొచ్చింది. ఏమైందమ్మా అని ఇరుగు పొరుగు ఆరా తీస్తే వాళ్ల నీలం నాకు పడలేదని చెప్పి ఊరుకుంది. మళ్లీ తన మూలలోకి వెళ్లి కూర్చుని జిగురు నానేసింది.

చెయ్యి మంచిదే ఆవిడది. తండ్రి బొమ్మల్లో పియొనీ పూల రేకులు సగం హిసావే. నెమలి ఈకల్లో ఒక్కో పోగూ హిసాదే. కింద సంతకం మాత్రం హోగెత్సుది. ఆ ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. శిష్యుడి చెయ్యి కుదిరిందని గురువుకి అనిపిస్తే, కొత్త సంవత్సరం మొదటిసారి కుంచె పట్టే రోజున తన పేరులోంచి ఒక అక్షరం తీసి ఇస్తాడు. దానికి ఇంకోటి చేర్చి కొత్త పేరు, దానికో రాతి ముద్ర. ఇక ఆ రోజు నుంచి వేసింది మనదే, సంతకమూ మనదే. హోగెత్సు తన "హో" అక్షరాన్ని నలుగురికిచ్చాడు. అందులో ఒకడికి చిలక ముక్కు కూడా సరిగా రాదు. హిసా ఒకసారి సిగ్గు విడిచి అడిగింది. ఇంటి మనిషివి, నీకు వేరే పేరెందుకే అని నవ్వేశాడాయన. ఆ నవ్వు ఆవిడ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

మినె వచ్చింది ఆ తర్వాతే. ఫుషిమిలో కాగితం లాంతర్లు చేసేవాళ్ల పిల్ల, పదహారేళ్లది. అప్పటికి హిసాకి ఇరవై మూడు. ఆ పిల్ల అంతకు ముందు బడిలో తెల్లదొరల పద్ధతి బొమ్మలు రెండేళ్లు నేర్చుకుంది. పెన్సిలుతో వెలుగూ నీడా వేయడం, కొలిచి గీయడం, అలాంటివి. మొదటి రోజు తన పిచ్చుక బొమ్మ తెచ్చి గురువు ముందు పెట్టింది. హోగెత్సు దాన్ని దూరంగా పట్టుకుని చూసి, పిట్ట కింద ఆ మసేంటి, కాళ్లు కడుక్కోలేదా అని అడిగాడు. గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా హిసా నవ్వింది. మినె కూడా నవ్వేసి, "నీడండీ, రేపు కడిగి తెస్తాను," అంది. అక్కడే హిసాకి మొదటి మంట రేగింది. అదే మాట తననంటే తను మూడు రోజులు అన్నం మానేసేది. ఈ పిల్ల నవ్వుతుందేంటి?

ఆ ఇంట్లో నేర్చుకునే తీరు వేరు. తాత గీసిన నమూనాలు చుట్టలు చుట్టలుగా పెట్టెలో ఉండేవి. శిష్యులు వాటి మీద పల్చటి కాగితం పరిచి, అదే గీత, అదే వంపు, చెయ్యి తిరిగేదాకా దిద్దాలి. ఒక్క పిచ్చుకకే ఏడాది. ఎర్ర నెత్తి కొంగకి రెండేళ్లు. పెళ్లిళ్లకీ పెద్దవాళ్ల పుట్టినరోజులకీ అందరూ అడిగేది ఆ కొంగనే మరి. హిసా ఆ కొంగ కాగితాన్ని ఎన్నిసార్లు దిద్దిందో లెక్కలేదు. కళ్లకి గుడ్డ కట్టినా గీసేస్తుంది. నిలబడ్డ కొంగకి నల్ల తోక, ఎగిరే కొంగకీ నల్ల తోక, విసనకర్రలా విప్పుకుని.

మినె కూడా దిద్దేది. దిద్దినంతసేపు దిద్ది, మధ్యాహ్నం బయటికి పోయేది. కామో నది ఒడ్డున కూర్చుని బాతుల్ని గీసుకొచ్చేది. ఒకరోజు చచ్చిన పిచ్చుకని రుమాల్లో చుట్టుకుని తెచ్చి, రెక్క విప్పి చాపకి గుండుసూదులు గుచ్చి మరీ చూసింది. హిసా ముక్కు మూసుకుని, ఇది బొమ్మల గదా చేపల దుకాణమా అని కసిరింది. హోగెత్సు మాత్రం లేచొచ్చి, కళ్లు దగ్గరగా పెట్టి, ఆ రెక్కలో ఈకల వరసలు ఆ పిల్లతో కలిసి లెక్కపెట్టాడు. తండ్రీ కూతుళ్లలా పక్కపక్కన బోర్లా పడుకుని. హిసా ఆ రోజు చేసిన తెల్లరంగు ముద్దని పళ్లెంలో కొట్టిన కొట్టుడికి పళ్లెం బీట వేసింది.

అలా మూడేళ్లు గడిచాయి. మినె వేసే పిట్టల్లో గురువు నేర్పిన మెత్తటి గీత ఉండేది, దాని కింద ఎముక కూడా ఉండేది. చూసినవాళ్లు ముందు ఆ బొమ్మ దగ్గరే ఆగేవాళ్లు. అన్నం వడ్డించేటప్పుడు ముల్లంగి ఊరగాయలో మంచి ముక్కతో తండ్రి చెయ్యి ఎటు పోతుందో హిసా చూస్తూ కూర్చునేది. చాలాసార్లు మినె గిన్నె వైపే పోయేది. ఇరవై ఆరేళ్ల మనిషి ఊరగాయ ముక్క కోసం కుళ్లుకుంటుందా అంటారేమో. కుళ్లుకుంటుంది. మీకు తెలీదు.

అప్పుడు మురొమాచి వీధిలో పట్టు కొట్టువాళ్ల పెద్దావిడకి ఎనభై ఎనిమిదేళ్లు నిండుతాయని పండగ తలపెట్టారు. ఎగిరే కొంగ బొమ్మ కావాలన్నారు, వెనక ఎర్రటి సూర్యుడు, కింద దేవదారు. హోగెత్సుకి అప్పటికే కళ్లల్లో మసక మొదలైంది. దగ్గరవి కనిపించేవి గాని పది అడుగుల అవతల అంతా పొగే. ఆయన ఇద్దర్నీ పిలిచి చెరో చిత్తు బొమ్మ గీయమన్నాడు. ఎవరిది బాగుంటే దాన్ని పట్టు మీదికి ఎక్కిస్తాను, వాళ్లకే కొత్త సంవత్సరానికి "హో" అక్షరం ఇస్తాను అని చెప్పాడు.

హిసా ఆ మాట విని వంటింట్లోకి పోయి గోడకి ఆనుకుని నిలబడింది. ఇరవై ఏళ్లుగా ఎదురుచూసింది వస్తోంది. వస్తూ వస్తూ ఆ లాంతర్ల పిల్లతో పంచుకోమంటోంది.

పది రోజుల తర్వాత రెండు కాగితాలూ చాప మీద పక్కపక్కన పరిచారు. హిసా కొంగ చక్కగా ఉంది. ఒక్క గీత వణకలేదు. నమూనాలో ఉన్న కొంగే, ఇంకా నున్నగా. మినె కొంగ వేరే. గాలిని కిందికి తొక్కి పైకి లేస్తోంది. దాని ఒళ్లు బరువుగా ఉంది, ఆ బరువుని రెక్కలు మోస్తున్నట్టు తెలుస్తోంది. హోగెత్సు వంగి చూశాడు. ఇంకా వంగి చూశాడు. ఆయన నోరు కొంచెం తెరుచుకుంది, పులుసు సరిగ్గా కుదిరినప్పుడు తెరుచుకున్నట్టు. తన బొమ్మ చూసి తండ్రి ఆ ముఖం పెడితే చూడాలని హిసా పుట్టినప్పటి నుంచి ఎదురుచూస్తోంది. ఇప్పుడు పెట్టాడు. మినె బొమ్మ చూసి పెట్టాడు.

హిసా కళ్లు ఆ కాగితాన్ని పై నుంచి కిందికి గాలించాయి. దొరికింది.

"తోక చూశారా నాన్నగారూ? తెల్లగా వదిలేసింది," అంది. "సిరా అయిపోయిందేమో పాపం."

"అయిపోలేదక్కా," అంది మినె. "ఆ నలుపు తోకది కాదు, రెక్కది. నిలబడి రెక్క ముడుచుకున్నప్పుడు ఆ నల్ల ఈకలు వెనక్కి జారి తోక మీద పడతాయి. మనం తోకనుకుంటాం. ఎగిరినప్పుడు రెక్కతోపాటే వెళ్లిపోతాయి. తోక తెల్లగానే ఉంటుంది."

"అంటే మా తాతకి తెలీదా?"

"తాతగార్ని నేను చూడలేదక్కా. కొంగని చూశాను."

ఆ గదిలో అంత మాట ఎవరూ అనలేదు అంతకు ముందు. మిగతా శిష్యులు తలలొంచుకుని తమ తమ కుంచెలు చూసుకున్నారు. నది అవతల టీ వర్తకుడి తోటలో కొంగల జంట ఉందని, ఎగిరిపోకుండా రెక్క చివర కత్తిరించారని, అయినా పొద్దున్నే రెక్కలు విప్పి గెంతుతాయని, బడిలో ఉన్న దొరల పక్షుల పుస్తకంలోనూ అలాగే వేశారని మినె చెప్పుకొచ్చింది. హోగెత్సు తన తండ్రి గీసిన నమూనా తెప్పించుకుని చాలాసేపు చూశాడు. ఆయన కూడా జీవితంలో ఎగిరే కొంగని చూసినవాడు కాదు. ఎవరు చూశారు గనక? క్యోతో ఆకాశంలో ఎర్ర నెత్తి కొంగలుంటే కదా.

చివరికి ఆయన కూతురి వైపు తిరిగాడు.

"హిసా, నువ్వెళ్లి చూసిరా. నా కళ్లు అంత దూరం పనిచెయ్యవు. నీ చెయ్యి నమూనా దాటదు గాని, నీ కన్ను మాత్రం నా కన్నేనే అమ్మా. నువ్వేం చెబితే అదే పట్టు మీదికెక్కిస్తాను."

చెయ్యి నమూనా దాటదన్న మాట ఒక చెంప, నీ కన్ను నా కన్నన్న మాట ఇంకో చెంప. రెండూ మోసుకుని హిసా మర్నాడు పొద్దున్నే వంతెన దాటి వెళ్లింది. మినె తప్పని రుజువు తెచ్చి దాని ముఖాన కొట్టాలనే వెళ్లింది. అందులో ఆవిడకి అనుమానమే లేదు. మూడు తరాలు తప్పు చూస్తాయా?

తోటమాలి గెంపేయి ముసలాడు. ఆ పూట కొంగకి రెక్క చివరలు కత్తిరించే పని పెట్టుకున్నాడు. హిసా చిక్కుడుపప్పు మిఠాయి పొట్లం చేతిలో పెట్టి, కొంచెం చూపించమని బతిమాలింది. ముసలాడు కొంగని చంకలో ఇరికించుకుని, బెదరకుండా దాని తల మీద తన చేతి గుడ్డ కప్పి, ఒక రెక్క పట్టుకుని పైకెత్తాడు.

నల్ల ఈకలన్నీ తెర లాగినట్టు రెక్కతోపాటు లేచిపోయాయి. కింద పొట్టి తోక. తెల్లగా, వెలిగిపోతూ, తను వందసార్లు కొట్టిన ఆల్చిప్పల తెలుపు లాగే.

హిసా రెక్క ముడవమంది. మళ్లీ విప్పమంది. మళ్లీ ముడవమంది. నాలుగోసారికి గెంపేయి, "ఏం తల్లీ, బట్టల బేరం చేస్తున్నావా? దీనికింకో రంగు లేదు," అన్నాడు.

తిరిగి వస్తూ వంతెన మీద ఆగింది. చలి. కింద నీళ్లల్లో మామూలు కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. తాత తప్పు చూశాడు, తండ్రి తప్పు చూశాడు, తను చెయ్యి నొప్పెట్టేలా ఇరవై ఏళ్లు ఆ తప్పునే దిద్దింది. అది కాదు ఆవిడ కడుపులో రగిలింది. ఆ తోట ఇంటికి అరగంట దూరం. ఆ కొంగలు పదేళ్ల నుంచి అక్కడే ఉన్నాయి. ఏ రోజైనా తను వెళ్లి ఉంటే, ఆ తెలుపు తనే చూసి ఉంటే, పరుగెత్తుకొచ్చి తండ్రికి తనే చెప్పి ఉండేది. తన కోసం దాచిపెట్టినట్టున్న దాన్ని ఫుషిమి నుంచి ఎవరో వచ్చి ముందే తినేసినట్టు అనిపించింది. వేరే ఎవరు చూసినా ఊరుకునేది. నలుగురు శిష్యుల్లో ఏ మొద్దు చూసినా నిజం చెప్పేసేది. మినె చూసింది.

ఇంటికొచ్చేసరికి హోగెత్సు కుంపటి దగ్గర చేతులు కాచుకుంటున్నాడు. మూల మినె తెల్లరంగు ముద్దని పళ్లెంలో కొడుతూ లోపల్లోపల లెక్కపెడుతోంది.

"చూశావా?"

"చూశాను నాన్నగారూ. నల్లగానే ఉంది."

"రెక్క విప్పినప్పుడు కూడా?"

"విప్పినప్పుడు కూడా."

చప్పుడు ఆగింది. మినె తలెత్తి హిసా వైపు ఒకే ఒక్కసారి చూసింది. తర్వాత ముద్దని మళ్లీ పళ్లెంలో వేసి కొట్టింది. "అరవై నాలుగు, అరవై ఐదు," అని ఈసారి పైకే లెక్కపెట్టింది.

హోగెత్సు నిట్టూర్చాడు. హిసా గీసిన నల్ల తోక కొంగ పట్టు మీదికెక్కింది. దానికి తెలుపు మినె చేసిందే. మురొమాచి పెద్దావిడ ఆ బొమ్మ ముందు కూర్చుని ఎర్ర చిక్కుళ్ల అన్నం తిని, చచ్చేలోపు ఇంత మంచి కొంగని చూశానని కళ్లొత్తుకుందట. కొత్త సంవత్సరం మొదటి కుంచె రోజున హోగెత్సు తన అక్షరం తీసి కూతురికిచ్చాడు. ఆవిడ పేరు హోషూ అయింది. వేలెడంత రాతి ముద్ర చేతికొచ్చింది. అందరూ వంగి దణ్ణాలు పెట్టారు. మినె అందరికంటే కిందికి వంగింది. హిసాకి ఆ దణ్ణంలో ఎగతాళి వెతికితే దొరకలేదు. దొరకనందుకూ మండింది.

వసంతానికి మినె టోక్యో పోతానని సెలవడిగింది. హోగెత్సు కాదనలేదు. ఆ పిల్ల మూట భుజానేసుకుని వీధి మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. పది అడుగుల అవతల కనిపించదు కదా, దేన్ని చూస్తున్నట్టో. హిసా పెళ్లికూతురై వెళ్లిన రోజున ఆయన గదిలోంచి బయటికే రాలేదు, రంగు ఆరిపోతుందని.

పోటీ తొలగింది, పేరొచ్చింది. ఇక సుఖంగా ఉందా అంటే, పెళ్లిళ్ల కాలం వచ్చేసరికి అందరూ ఎగిరే కొంగనే అడిగేవాళ్లు. మిగతా కొంగంతా చెయ్యి దానంతటదే వేసుకుపోయేది. తోక దగ్గరికి రాగానే ఆగేది. ఆ తెల్లటి చోటు మీద నల్ల సిరా పెట్టిన ప్రతిసారీ గెంపేయి చంకలోని కొంగ కనిపించేది. పెట్టేది. కింద హోషూ అని ముద్ర వేసేది. తొమ్మిదేళ్లు అలాగే పెట్టింది.

అటు టోక్యో నుంచి కబుర్లు వస్తుండేవి. మినె బొమ్మ పెద్ద ప్రదర్శనలో పెట్టారట. ఇద్దరు దొరలు కొన్నారట. పత్రికలో అచ్చేశారట. హోగెత్సు ఆ పత్రికలు తెప్పించుకుని కూతురి చేత చదివించుకునేవాడు. బొమ్మ ఎలా ఉందో చెప్పవే అనేవాడు, అప్పటికి చూపు దాదాపు పోయింది. హిసా నోటితోనే మినె పొగడ్తలన్నీ చదవాలి, హిసా నోటితోనే మినె పిట్టల అందం చెప్పాలి. రెక్క ఎంత బాగా వచ్చిందో చెప్పకుండా దాటేద్దామంటే, రెక్క ఎలా ఉందీ అని ఆయనే అడిగేవాడు. ఇంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వెయ్యలేదు.

పోయే ముందు, మంచాన పడి ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పిల్ల గీసిన కొంగ నా కళ్లల్లోంచి పోలేదే హిసా. తోకొక్కటే తప్పు. నువ్వెళ్లి చూసి రాకపోతే నేనూ నమ్మేసేవాణ్ని."

హిసా నోరు తెరిచింది. అబద్ధం చెప్పానని చెబితే పేరు పోతుంది, అంతకంటే ముందు ఆయన ఆ చెయ్యి వదిలేస్తాడు. "మందు తాగండి," అంది. ఆయన తాగాడు. నాలుగు రోజులకి పోయాడు.

నలభై తొమ్మిదో రోజు పూజకి మినె వచ్చింది. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు, నడకలో టోక్యో తొందర. ధూపం వెలిగించి, దణ్ణం పెట్టి, అందరూ వెళ్లాక బొమ్మల గదిలోకి వచ్చి తన పాత మూలలో కూర్చుంది. హిసా టీ పోసింది. పోసి, రాతి ముద్రని చిన్న పట్టుగుడ్డలో పెట్టి ఆవిడ ముందుకి జరిపింది.

"ఇది నీది. నేను అబద్ధం చెప్పాను. తోక తెల్లగానే ఉంది, నాలుగుసార్లు విప్పించి చూశాను."

"తెలుసక్కా," అంది మినె. "ఆ వారమే గెంపేయి తాత చెప్పాడు. మీ వాళ్లావిడ ఒకావిడ వచ్చి రెక్క నాలుగుసార్లు విప్పించిందని నవ్వాడు."

హిసా చేతిలోని కెటిల్ కింద పెట్టింది. "మరి ఎందుకు చెప్పలేదు?"

మినె టీ గిన్నె చేతిలోకి తీసుకుంది. ముందు చాలా కోపమొచ్చిందని, మీ ఇంటి కొంగలన్నీ మసి తోకలతో ఎగిరి చావనీ అనుకున్నానని చెప్పింది. అప్పుడు చెబితే గురువుగారు కూతురూ కొంగా ఎవరో ఒకర్ని ఎంచుకోవాలి, కొంగ గెలవదని తనకి తెలుసట.

"తర్వాత టోక్యోలో పనిలో పడి మర్చిపోయానక్కా. ఇప్పుడు నువ్వంటే గుర్తొచ్చింది."

మర్చిపోయిందట. తొమ్మిదేళ్లు హిసా తన పొట్టలో రాయిలా మోసిన దాన్ని ఆవిడ రైలెక్కగానే కిటికీలోంచి పారేసిందట. తిట్టినా బాగుండేది, ఏడ్చినా బాగుండేది. ఓర్వలేనితనానికి కూడా అవతల ఒక మనిషి ఉండాలి కదా, ఇన్నేళ్లూ అవతల ఎవరూ లేరని హిసాకి అప్పుడు తెలిసింది.

"ముద్ర తీసుకో," అంది మళ్లీ.

"నాకిప్పుడు నా పేరుంది కదక్కా. ఇంకోటి పెట్టుకుంటే కొనేవాళ్లు తికమకపడతారు." మినె ఆ పట్టుగుడ్డని మర్యాదగా వెనక్కి జరిపి, టీ చల్లారిపోతోందని తాగేసి, రైలు టైమైందని లేచింది.

తను దొంగిలించింది అవతలివాళ్లకి అక్కర్లేని వస్తువని తెలిశాక దాన్ని ఇంకెలా పెట్టుకుంటారు? హిసా ఆ ముద్రని మళ్లీ ఏ బొమ్మ మీదా వెయ్యలేదు. ఆ ఏడు పెళ్లిళ్లకి అడిగిన మొదటి కొంగకి తోక తెల్లగా వదిలి, కింద కుంచెతో "హిసా" అని రాసి పంపింది. రెండు రోజులకి ఆ బొమ్మ అడిగిన కొట్టువాళ్లు ఎంతో వినయంగా తిప్పి పంపారు, అమ్మగారు తోకకి సిరా వెయ్యడం మర్చిపోయినట్టున్నారని. మర్చిపోలేదని కబురు పెట్టింది. వాళ్లు వేరే చోటికి పోయారు. ఇంకొకరూ అలాగే పోయారు. తమ్ముడు యసుకిచి వచ్చి, ఊరందరికీ నల్ల తోక కావాలంటే నీకేం పోయిందక్కా, ఒక్క చారెడు సిరా కదా అని నెత్తి కొట్టుకున్నాడు. అప్పుడు ఒక్క వాడికే మొత్తం చెప్పింది. వాడు విని, ఇంతోటి దానికా అని నోరెళ్లబెట్టి, పెళ్లానికి చెప్పాడు. ఆ పెళ్లామే మా అత్తగారు, అలా నా దాకా వచ్చింది.

తర్వాత హిసా విసనకర్రల మీద పువ్వులు వేసింది, వీధిలో ఆడపిల్లలకి బొమ్మలు నేర్పింది. నమూనా దిద్దించే ముందు వాళ్లని పెరట్లోకి తోలి, కోడిని పట్టుకొచ్చి రెక్క విప్పి చూడమనేది. కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయని ఇరుగు పొరుగు గోల పెట్టేవాళ్లు.

మారిపోయిందనుకున్నారా? ఏం మారలేదు. మినె ప్రదర్శన పెట్టినప్పుడల్లా బొమ్మల కార్డులు అచ్చేసి అమ్మేవాళ్లు. హిసా అన్నీ తెప్పించుకుని భూతద్దం పెట్టి పొద్దంతా వెతికేది, ఎక్కడన్నా తప్పు దొరుకుతుందేమోనని. ఏళ్ల తరబడి వెతికితే ఒకే ఒక్కసారి, ఒక వడ్రంగిపిట్ట కాలికి వెనక వేలు ఒకటి తక్కువ కనిపించింది. ఆ వారమంతా ఇంట్లో అందరితో నవ్వుతూ మాట్లాడింది, రెండేసి గిన్నెలు అన్నం తింది. తర్వాత ఎవరో చెప్పారు, ఆ జాతి పిట్టకి ఆ వేలు ఉండనే ఉండదని. మళ్లీ ముఖం మాడ్చుకుంది.

యుద్ధం ఆఖరి చలికాలంలో టోక్యో నుంచి మినె పోయిందని ఉత్తరం వచ్చింది. గుండె జబ్బట. హిసా ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. "ఇందులోనూ నాకంటే ముందేనా," అంది. ఆ పూట పెట్టిన గంజి ముట్టలేదు. కార్డులన్నీ కట్ట కట్టి భూతద్దంతో సహా నాకిచ్చేసి, ఇక వెతకడానికి ఏముందే అంది.

ఆ తర్వాత పదేళ్లు బతికింది. పోయేనాటికి ఆవిడకి ఎనభై ఒక్క ఏళ్లు.